వెనిస్ చిన్న కాలువలు, హెన్రీ వుడ్స్ పద్ధతి: నీళ్లు సిమెంటు గచ్చులా వస్తున్నాయి, పడవ నీటిమీద కూర్చోవడం లేదు

రంగులపెట్టె:
ఇంగ్లీషు చిత్రకారుడు హెన్రీ వుడ్స్ వెనిస్ బొమ్మల తరహాలో ఒక అధ్యయనం మొదలైంది. ఏ ఒక్క బొమ్మకూ నకలు కాదు. ఇరుకు కాలువ, ఎడమ పక్క ఇటుక గోడ, కుడి పక్క మెట్లు, మెట్ల మీద ఇద్దరు ఆడవాళ్లు, మధ్యలో ఒక గొండోలా (వెనిస్ పొడవాటి నల్ల పడవ). కాన్వాస్ 16×20 అంగుళాలు, తైలవర్ణాలు. రెండు ఇబ్బందులు వస్తున్నాయి. ఒకటి, నీళ్లు ఆకుపచ్చ గచ్చులా గట్టిగా కనిపిస్తున్నాయి. రెండు, పడవ నీటిలో లేదు, నీటిమీద అతికించినట్టుంది. ఎక్కడ తప్పు జరుగుతోంది?

నీటిగీత:
ముందు వుడ్స్ గురించి నాలుగు మాటలు. ఆయన ఎక్కడ నిలబడి చూశాడో తెలిస్తే మీ ప్రశ్నలో సగం తేలిపోతుంది.

ఆయన 1846లో ఇంగ్లండ్‌లోని వారింగ్టన్‌లో పుట్టాడు. లండన్‌లో ‘గ్రాఫిక్’ వారపత్రికకు చెక్క అచ్చుల బొమ్మలు గీశాడు. 1876లో వెనిస్ వెళ్లి అక్కడే ఉండిపోయాడు, 1921లో అక్కడే పోయాడు. అంటే నాలుగు వారాలు ఉండి గ్రాండ్ కెనాల్ (ఊరి పెద్ద కాలువ) చర్చి గుమ్మటాలు గీసుకుని వెళ్లిపోయే యాత్రికుడు కాదు. ఆయన బొమ్మల్లో ఎక్కువగా కనిపించేవి వెనకవీధి కాలువలు (అక్కడివాళ్లు రియో అంటారు), రేవు మెట్లు, ఇళ్ల వెనక వాకిళ్లు. లండన్ టేట్ గ్యాలరీలో ఉన్న ‘ఇల్ మియో త్రఘెత్తో’ పేరే చూడండి. త్రఘెత్తో అంటే కాలువ దాటించే పడవ రేవు. 1854 వరకూ గ్రాండ్ కెనాల్ మీద రియాల్టో తప్ప మరో వంతెన లేదు. అవతలి ఒడ్డుకు పోవాలంటే జనానికి ఆ రేవులే దిక్కు.

ఇప్పుడు మీ పడవ సంగతి. బొమ్మలో కంటిమట్టం (చూసేవాడి కంటి ఎత్తును చూపే అడ్డగీత) ఎక్కడ పెట్టారో చెప్పండి. నూటికి తొంభై తప్పులు అక్కడే. గట్టు నీటికి సుమారు మీటరు ఎత్తున ఉందనుకుంటే లెక్క ఇలా ఉంటుంది:

గట్టుమీద నిలబడి చూస్తే కన్ను నీటికి 2.6 మీటర్ల ఎత్తున ఉంటుంది. గట్టుమీద నిలబడ్డ మీ ఎత్తువాళ్ల తలలన్నీ, దగ్గరున్నా దూరమున్నా, కంటిమట్టం గీత మీదే వస్తాయి. పడవ వెనక భాగాన నిలబడ్డ తెడ్డువాడి తల మాత్రం ఆ గీతకు అసలు కొలతలో ఒక జానెడు కిందికి రావాలి. పడవలో కూర్చుని చూస్తే కన్ను నీటికి మీటరు పైచిలుకు ఎత్తులోనే ఉంటుంది. అప్పుడు గట్టుమీద జనం పాదాల దగ్గర కంటిమట్టం వస్తుంది, మనుషులు మొత్తం దానికి పైనే. వంతెన మీంచి చూస్తే అందరూ గీతకు కిందే.

చాలామంది గట్టుమీద ఫొటో చూసి గోడలు గీస్తారు, పడవను మాత్రం వంతెన మీంచి తీసిన వేరే ఫొటోలోంచి తెచ్చి పెడతారు. పడవ లోపలి అడుగు చెక్కలు కనిపిస్తూ, పక్క గోడ మాత్రం కింద నుంచి చూసినట్టుంటుంది. అలాంటి పడవ నీటిలో కూర్చోదు. ఎంత మంచి రంగు వేసినా కూర్చోదు.

గోదారిగట్టు:
నీటిగీత గారు చెప్పినదానికి ప్రతిబింబాల లెక్క కలపాలి. నీళ్లు గచ్చులా రావడానికి అసలు కారణం, మొత్తం నీటికి ఒకే రంగు వేసి దానిమీద ప్రతిబింబాలను మచ్చల్లా పెట్టడం. నీటికి సొంత రంగు కనిపించేది కొద్ది చోట్లే. దూరంగా ఉన్న నీటిని చూపు ఏటవాలుగా తాకుతుంది కాబట్టి అది దాదాపు అద్దం. కాళ్ల దగ్గర నీటిని నిటారుగా చూస్తాం, అక్కడ వెనక్కి వచ్చే వెలుగు నూటికి రెండు పాళ్లే. అందుకే బొమ్మ కింది అంచు దగ్గర నీటి లోపలి పచ్చ కనిపించాలి, పైకి పోయేకొద్దీ గోడలూ ఆకాశమూ కనిపించాలి. ఈ మార్పు లేకపోతే గచ్చే వస్తుంది.

తెల్ల వస్తువు ప్రతిబింబం అసలుకన్నా కాస్త ముదురు. నల్ల వస్తువు ప్రతిబింబం అసలుకన్నా కాస్త లేత. రెంటిలోనూ నీటి రంగు కలుస్తుంది కాబట్టి. నల్ల గొండోలా కింద అంతే నలుపు వేస్తే పడవ, ప్రతిబింబం కలిసి ఒకే ముద్ద అయిపోతాయి.

ప్రతిబింబం అంటే బొమ్మను తిరగేసి అతికించడం కాదు. నీటి కింద, మీ కన్ను ఎంత ఎత్తున ఉందో అంత లోతున, ఇంకో కన్ను ఉన్నట్టు ఊహించుకోండి. అది ఏం చూస్తుందో అదే ప్రతిబింబం. అందుకే వంతెన కమాను అడుగు భాగం నేరుగా కనిపించకపోయినా నీళ్లలో కనిపిస్తుంది. గట్టుకు మూడు మీటర్లు వెనక ఉన్న ఇంటి కింది అంతస్తు నేరుగా కనిపించినా నీళ్లలో గట్టు అంచు దాన్ని మింగేస్తుంది.

పడవలు కట్టే గుంజలు వంగి ఉంటాయి కదా. కుడికి వంగితే ప్రతిబింబమూ కుడికే పోతుంది. మీవైపు వంగితే ప్రతిబింబం గుంజకన్నా పొడుగ్గా కనిపిస్తుంది. గుంజను కురచగా, ప్రతిబింబాన్ని పొడుగ్గా వేయడానికి చెయ్యి ఒప్పుకోదు, కానీ అదే నిజం.

ఒక మాట. కోనసీమ కాలువల ఫొటోలు చూసి ఈ లక్షణాలు నేర్చుకోవాలనుకునేవాళ్లు జాగ్రత్త పడాలి. ఒండ్రునీటిమీద చెట్టు నీడ స్పష్టంగా పడుతుంది, నీటిలోని మట్టిరేణువులు వెలుగును వెనక్కి పంపుతాయి కాబట్టి. వెనిస్ నీళ్లు అంత బురద కావు, అక్కడ నీడ పల్చగానూ ప్రతిబింబం గట్టిగానూ ఉంటుంది. ఈ రెండూ కలిపేస్తే ఏ ఊరి నీళ్లో తెలియదు.

రంగులపెట్టె:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పట్టుబడ్డాను. గోడలు గట్టుమీంచి, పడవ వంతెన మీంచి. పడవను చెరిపి మళ్లీ గీస్తాను. నీటికి వాడింది విరిడియన్ (ముదురు ఆకుపచ్చ), టైటానియం తెలుపు మాత్రమే. పడవకు ఐవరీ బ్లాక్. రంగులు మార్చాలా?

అవిసెనూనె:
మార్చాలి. విరిడియన్, తెలుపు రెండే కలిస్తే పిప్పరమెంటు బిళ్ల రంగు వస్తుంది. టైటానియం తెలుపు చాలా బలమైనది, ఏ రంగునైనా సుద్దగా మార్చేస్తుంది. పాతవాళ్లు వాడిన సీసపు తెలుపులో ఆ సుద్దతనం లేదు. సీసం విషం కాబట్టి దాన్ని వాడమని చెప్పను. టైటానియంతోనే పని చేయండి, కానీ అనుకున్నదాంట్లో సగమే వేయండి.

ఈ సైజుకు మూడు కుప్పలు ముందే కలిపి పెట్టుకోండి, ఒక్కోటి నిమ్మకాయంత.

నడిమి నీరు: విరిడియన్ 1 పాలు, రా అంబర్ (మట్టి గోధుమరంగు) 1 పాలు, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) అర పాలు, తెలుపు ముప్పాతిక పాలు. ముదురు నీరు: ఇదే మిశ్రమంలో తెలుపు లేకుండా, అల్ట్రామరీన్ (ముదురు నీలం) అర పాలు కలిపి. ఆకాశం పడ్డ నీరు: కోబాల్ట్ బ్లూ చిటికెడు, తెలుపు 3 పాలు, నడిమి నీరు కుప్పలోంచి అర పాలు. ఈ ఆఖరిది మరిచిపోకండి. అది లేకపోతే నీళ్ల మీద ఆకాశం చిరుగుకు వేసిన మాసికలా ఉంటుంది.

గోడ ప్రతిబింబానికి కొత్త రంగు అక్కర్లేదు. గోడకు కలిపిన ఇటుకరంగు (వెనీషియన్ రెడ్, ఓకర్, తెలుపు) తీసుకుని అందులో మూడోవంతు నడిమి నీరు కలపండి. ఎరుపు, పచ్చ కలిసి ఒక వెచ్చని బూడిదరంగు వస్తుంది. ఇరుకు కాలువల బొమ్మలకు ప్రాణం ఆ బూడిదే.

పడవకు ఐవరీ బ్లాక్ వద్దు. బర్న్ట్ అంబర్, అల్ట్రామరీన్ సమపాళ్లు. దీన్ని వెచ్చగానూ (గోధుమ వైపు) చల్లగానూ (నీలం వైపు) తిప్పుకోవచ్చు. పడవ పైచెక్క ఆకాశాన్ని చూస్తుంది కాబట్టి దానిమీద నీలిబూడిద మెరుపు పడాలి. పక్క చెక్క నీళ్లను చూస్తుంది, దానికి పచ్చ జాడ ఉండాలి. నల్ల వస్తువు గుండ్రదనం ఈ రెండు జాడల్లోనే తెలుస్తుంది.

ఇంకొక హెచ్చరిక. అంతర్జాలంలో కనిపించే పాత బొమ్మల ఫొటోలు చూసి రంగు పట్టుకోకండి. డమ్మర్, మస్తిక్ లాంటి పాత వార్నిష్‌లు ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతాయి. నీలం మీద పసుపు పడితే పచ్చ. కడగని బొమ్మలో పచ్చటి ఆకాశం చిత్రకారుడు వేసింది కాదు, వార్నిష్ వేసింది. అదే గ్యాలరీలో శుభ్రం చేసిన బొమ్మ ఏదైనా ఉంటే దాన్ని పక్కన పెట్టి చూడండి.

తెడ్డు:
పడవ మళ్లీ గీస్తున్నారు కాబట్టి, గీసేముందే ఇవి చూసుకోండి.

ఇప్పటి గొండోలా పొడవు 11 మీటర్లకు కాస్త తక్కువ, వెడల్పు 1.4 మీటర్లు. అంటే వెడల్పుకు ఏడెనిమిది రెట్లు పొడవు. బొమ్మల్లో సాధారణంగా నాలుగైదు రెట్లే వేస్తారు, అందుకే నాటుపడవలా కనిపిస్తుంది. రెండు కొనలూ నీటిమీదికి లేచి ఉంటాయి, నీటిని తాకేది నడిమి భాగమే. నీటి గీత పడవ మొత్తం పొడవునా గీస్తే అదే ‘అతికించినట్టు’ కనిపించడానికి రెండో కారణం.

తెడ్డువాడు వెనక, ఎడమ పక్కగా నిలబడతాడు. తెడ్డు మాత్రం కుడి పక్క నీళ్లలో ఉంటుంది. తెడ్డును ఆనించే చెక్క పేరు ఫోర్కొలా, వాల్‌నట్ కర్రతో చెక్కుతారు, కుడి పక్కనే ఉంటుంది. తెడ్డు దానికి కట్టి ఉండదు, ఒంపులో ఆని ఉంటుంది అంతే. త్రఘెత్తో పడవలో ఇద్దరుంటారు. వెనకవాడి తెడ్డు కుడికి, ముందువాడిది ఎడమకు. వెనకవాడి తెడ్డు ఎడమకు కనిపిస్తే ఆ ఫొటో తిరగబడిందని అర్థం.

తిరగబడడం అంటే గుర్తొచ్చింది. అమెరికా చిత్రకారుడు విస్లర్ 1879–80లో వెనిస్‌లో చేసిన ఎచింగ్‌లు (రాగి పలక మీంచి తీసే అచ్చులు) చాలామంది ఆధారంగా పెట్టుకుంటారు. ఆయన రాగి పలక మీద చూసింది చూసినట్టే గీశాడు, అచ్చులో ఎడమ కుడి తారుమారయ్యాయి. భవనాల వరసకు వాటిని నమ్ముకుంటే ఊరు అద్దంలో పడుతుంది.

ముందుకొన మీది ఇనుప కొమ్ముకు ముందువైపు ఆరు పళ్లు, వెనక్కి ఒకటి. ఆరు పళ్లు ఊరి ఆరు పేటలని, వెనకది జుదెక్కా దీవి అని అక్కడి చెప్పుడు మాట. దూరం పడవకు పళ్లు లెక్కపెట్టి వేయొద్దు, ఒక్క మెరుపు చాలు.

నీటిగీత:
తెడ్డు గారి కొలతలు సరైనవే, కానీ ఇప్పటి పడవవి. ఇప్పటి గొండోలా ఎడమ పక్క కుడికన్నా 24 సెంటీమీటర్లు వెడల్పు, అందుకే ఖాళీగా ఉన్నప్పుడు కుడికి ఒరిగి ఉంటుంది. ఈ వంకర తీరు పందొమ్మిదో శతాబ్దం చివర్లో త్రమోంతీన్ అనే పడవల మేస్త్రీ చేతిలో స్థిరపడింది. 1880 ప్రాంతపు దృశ్యం గీస్తుంటే అంత ఒరుగు అక్కర్లేదు. పైగా అప్పటి పడవలకు మధ్యలో నల్లటి చిన్న గది ఉండేది, ఫెల్సె అంటారు. ఇప్పటి పడవలకు అది లేదు. ఇప్పటి ఎర్ర దిండ్ల పడవ తెచ్చి 1880ల శాలువా ఆడవాళ్ల పక్కన పెట్టకండి.

నా మాట వింటే ఇరుకు కాలువలో గొండోలాకు బదులు సాందొలో పెట్టండి. అడుగు బల్లపరుపుగా ఉండే మామూలు పనిపడవ, ఇనుపకొమ్ము లేదు. కూరగాయలు, కట్టెలు, సామాన్లు మోసేది ఇలాంటివే. రోజువారీ బతుకు గీయాలంటే గొండోలా కన్నా అదే నిజాయితీగా ఉంటుంది.

తెడ్డు:
ఒప్పుకుంటాను. గొండోలా అప్పటికే కలిగినవాళ్ల వాహనం, అద్దె బండి. పనిపడవే పెట్టండి.

పాతగోడ:
ఎడమ పక్క గోడ గురించి ఎవరూ మాట్లాడలేదు. ఇరుకు కాలువ బొమ్మలో కాన్వాస్‌లో సగం గోడే.

వెనిస్ గోడకు కింద నుంచి పైకి ఒక వరస ఉంది. నీటిని ఆనుకుని ఇస్ట్రియా రాయి, తెల్లగా, గట్టిగా, నీటిని పీల్చదు. దానిమీద ఇటుక. ఇటుక మీద సున్నపు గిలాబా. ఉప్పునీరు ఇటుకలోకి ఎక్కి ఆరినప్పుడు ఉప్పు స్ఫటికమై గిలాబాను లోపల నుంచి తోస్తుంది. అందుకే గిలాబా కిందిభాగంలో రాలి, పైన నిలిచి ఉంటుంది. బొమ్మల్లో దీన్ని తలకిందులు చేసి, పైన ఇటుకలు, కింద చక్కటి గిలాబా వేసినవి ఎన్నో. అందానికి ఎక్కడ పడితే అక్కడ ఇటుకలు చూపిస్తే గోడ అబద్ధం చెబుతుంది.

రాలిన అంచును దగ్గరగా చూస్తే గిలాబా మందం ఒక సన్నటి వెలుగు గీతలా కనిపిస్తుంది, దాని కింద సన్నటి నీడ. వేలి గోరంత వెడల్పు లేని ఆ జత గీతలు చాలు, గోడ నిజమైపోతుంది. ఇటుకలు ఒక్కొక్కటీ గీయకండి. రాలిన అంచు దగ్గర ఏడెనిమిది స్పష్టంగా, మిగతా అంతా రంగు మచ్చే.

ఇక పాచి. పోటుకీ పాటుకీ మధ్య నీటిమట్టం అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సుమారు మీటరు మారుతుంది, అష్టమి దగ్గర్లో చాలా తక్కువ. మెట్ల మీద పాచి పట్టిన మేర అంతా ఈ మారే మట్టమే. పాచి పై అంచు గోడ పొడవునా ఒకే మట్టంలో, తూకం పట్టినట్టు ఉండాలి. దాన్ని కంటిమట్టం వైపు మీ కాలువ మిగతా గీతలు పోయే బిందువుకే నడిపించండి. ఈ ఒక్క గీత గోడనూ నీటినీ కలిపి కుడుతుంది.

కాలం విషయం కూడా చూడాలి. వుడ్స్ వెళ్లిన నాటికన్నా ఇప్పుడు వెనిస్‌లో సముద్రమట్టం నేలతో పోలిస్తే సుమారు 30 సెంటీమీటర్లు ఎక్కువ. కొంత సముద్రం పెరిగింది, కొంత నేల కుంగింది. ఒక మెట్టు 15 సెంటీమీటర్లనుకుంటే రెండు మెట్లు. ఇప్పటి ఫొటో చూసి 1880ల దృశ్యం గీస్తే నీటిపైన రెండు మెట్లు ఎక్కువ చూపించాలి, రాతి పట్టీ కూడా అంతమేర ఎక్కువ కనిపించాలి.

రంగులపెట్టె:
పాచి పై అంచును అలల్లా వంకర్లు తిప్పి వేశాను. గోడ ఎందుకు మెత్తగా కనిపిస్తోందో ఇప్పుడు తెలిసింది. ఇక మెట్ల మీద ఆడవాళ్లు. వాళ్ల చేతుల్లో ఏం పెట్టాలి? ఊరికే కూర్చున్నట్టు ఉంటే వట్టి అలంకారంలా ఉంది.

చిత్రశాల:
చాలా సరైన ప్రశ్న. ఆ కాలపు ఇంగ్లీషు చిత్రకారుల మధ్య తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది.

వుడ్స్ చెల్లెలిని 1874లో పెళ్లాడిన లూక్ ఫిల్డ్స్ కూడా వెనిస్ గీశాడు. మాంచెస్టర్‌లో ఉన్న ‘వెనీషియన్స్’ (1885) ఆయనదే. లండన్‌లో రాత్రి ఆశ్రయం కోసం చలిలో వరస కట్టిన పేదలను 1874లో అంత కఠినంగా గీసిన మనిషి, వెనిస్‌కు వచ్చేసరికి ఎండలో నవ్వే అందగత్తెలను గీశాడు. బొమ్మ పని గొప్పది, కాదనను. కానీ ఆ ఆడవాళ్లకు పని లేదు. వుడ్స్‌లోనూ ఈ తీపి ఉంది. ‘క్యూపిడ్స్ స్పెల్’ (1885) పేరే చెబుతుంది. అయినా ఆయన బొమ్మల్లో మెట్లు, గోడ, బుట్ట, చెక్క అన్నీ వాడుకలో అరిగిపోయిన వస్తువులు. పత్రికకు చెక్క అచ్చుల బొమ్మలు గీసిన చెయ్యి కదా, ఏ వస్తువు ఎందుకు ఉందో తెలియకుండా గీయదు. నాకు ఆయన విలువ అక్కడే కనిపిస్తుంది. లింకన్‌లో పుట్టిన విలియం లాగ్స్‌డైల్ కూడా 1880ల్లో అక్కడే పనిచేశాడు. సెయింట్ మార్క్స్ చౌకులో జనసమ్మర్దం గీసిన ఆయన 1883 నాటి పెద్ద బొమ్మ బర్మింగ్‌హామ్‌లో ఉంది. గుంపును ఎలా కూర్చాలో దానిలో చూడాలి.

చేతుల్లో ఏం పెట్టాలంటే రెండు నికార్సైన పనులు ఉన్నాయి.

ఒకటి పూసలు గుచ్చడం. వెనిస్ పక్క దీవి మురానో గాజుపూసలను పేద ఆడవాళ్లు వీధి వాకిట కూర్చుని గుచ్చేవాళ్లు. ఒళ్లో చెక్క పళ్లెం నిండా పూసలు. కుడిచేతిలో పొడవాటి సన్న సూదులు విసనకర్రలా పరిచి పట్టుకుని ఒక్కసారిగా పూసల్లోకి తోస్తారు. పైకి లేపేసరికి ప్రతి సూదికీ కొన్ని పూసలు ఎక్కి ఉంటాయి. చూపు పళ్లెంలో ఉండాలి, తల వంచి ఉండాలి. తల ఎత్తి మనవైపు నవ్వితే పని ఆగిపోయినట్టే.

రెండోది నీళ్లు మోయడం. వెనిస్ చుట్టూ నీళ్లే అయినా తాగే నీళ్లు వాననీళ్లే. వాకిట చౌకులో పడిన వాన రాతి జల్లెడ్ల గుండా దిగి, ఇసుకలో వడకట్టుకుని నడిమి బావికి చేరేది. కరువు రోజుల్లో పడవల్లో నదినీళ్లు తెచ్చి పోసేవాళ్లు. బావిలో తోడి, మన కావడి లాంటి వంపు కర్రకు రెండు రాగి బిందెలు తగిలించి, ఒక భుజం మీద ఇళ్లకు మోసేవాళ్లు, ఎక్కువగా ఫ్రియూలీ (వెనిస్‌కు ఈశాన్యాన ఉన్న ప్రాంతం) నుంచి వచ్చిన ఆడవాళ్లు. 1884లో గొట్టాల నీళ్లు వచ్చాయి. మీ దృశ్యం దానికి ముందుదా తర్వాతదా తేల్చుకుని బిందెలు పెట్టండి. రాగి బిందె పెడితే పచ్చటి నీటి పక్కన ఆ నారింజ మెరుపు ఒక్కటే చాలు, ఇంకెక్కడా ఆ రంగు వాడొద్దు.

కొలత: మెట్ల మీద కూర్చున్న మనిషి ఎత్తు సుమారు 85 సెంటీమీటర్లు, అంటే ఐదారు మెట్లంత. మెట్లను కొలబద్దగా పెట్టుకుని గీయండి.

కాగితంపడవ:
నీటిరంగులవాళ్ల కోసం ఒక చిన్న చేర్పు. ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ వెనిస్‌కు మూడుసార్లు వెళ్లాడు, 1819, 1833, 1840. తెల్ల కాగితంతో పాటు బూడిద, గోధుమ రంగు కాగితాల మీద గువాష్‌తో (కాగితాన్ని కప్పేసే చిక్కటి నీటిరంగుతో) కూడా గీశాడు. రాత్రి దృశ్యాలకూ ఇరుకు సందులకూ ఆ రంగు కాగితం చాలా వీలు. నడిమి ఛాయ కాగితమే ఇస్తుంది, ముదురు, మెరుపు మాత్రమే మనం వేయాలి. తెల్ల కాగితమైతే 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) కన్నా పల్చనిది వద్దు. ప్రతిబింబాన్ని తడి మీద నిలువు కుంచెతో కిందికి లాగి, సగం ఆరాక శుభ్రమైన చదును కుంచెతో అడ్డంగా రెండు మూడు గీతలు తుడిచి ఎత్తేయండి. పూర్తిగా ఆరాక చేస్తే కాగితం లేస్తుంది.

అవిసెనూనె:
తైలవర్ణానికి కూడా అదే వరస: ముందు నిలువు, తర్వాత అడ్డం. పడవను మార్చారు కాబట్టి మళ్లీ మొదటి నుంచి క్రమం రాస్తున్నాను.

పాత పడవ మీద కొత్త రంగు మందంగా వేయకండి. ఆరిన రంగు దిబ్బలను రంగులు కలిపే కత్తితో చదును చేసి, సన్న గరుకు కాగితం తడిపి రుద్దండి. లేకపోతే పాత పడవ అంచు పక్క వెలుగులో ఎప్పటికీ కనిపిస్తుంది. రా అంబర్, తెలుపు, టర్పెంటైన్‌తో పల్చటి వెచ్చని బూడిద పూత వేసి రెండు రోజులు ఆరనివ్వండి.

మొదటి రోజు టర్పెంటైన్ మాత్రమే కలిపి గోడ, ఆకాశం, వాటి ప్రతిబింబాలు ఒకేసారి వేయండి. గోడ ఇవాళ, నీళ్లు రేపు అనొద్దు. గోడ రంగు పలక మీద తడిగా ఉండగానే దాని ప్రతిబింబం కూడా పడిపోవాలి. రెండో విడత నాలుగైదు రోజుల తర్వాత: పడవ, మనుషులు, పాచి. ఇక్కడ అవిసె నూనె, టర్పెంటైన్ సగం సగం. చివరి విడత నీటి మీది అడ్డగీతలు, మెరుపులు, నూనె కాస్త ఎక్కువ. కింద నూనె తక్కువ, పైన ఎక్కువ. తిరగబడితే పైపొర ముందు ఆరి, కిందిది తర్వాత కదిలి బీటలిస్తుంది.

అడుగు పొరల్లో జింక్ తెలుపు వద్దు, పెళుసెక్కి చిట్లుతుంది. విక్టోరియా కాలపువాళ్లు నీడలకు తారు లాంటి బిట్యూమెన్ వాడారు. అది పూర్తిగా ఆరనే ఆరదు, మొసలి చర్మంలా ముడతలు పడుతుంది. ఆ కాలపు బొమ్మల నీడల్లో ఆ ముడతలు కనిపిస్తే అనుకరించకండి, అది శైలి కాదు, రోగం.

గోదారిగట్టు:
అడ్డగీతల మీద ఒక్క మాట. అవి నీటి మొత్తానికీ కాదు. పడవ కదిలిన దారిలో, మెట్ల మొదట్లో, గుంజల చుట్టూ మాత్రమే. దగ్గరివి వెడల్పుగా, ఒకదానికొకటి దూరంగా. వెనక్కి పోయేకొద్దీ సన్నగా, దగ్గరగా. ఎక్కువలో ఎక్కువ పది పన్నెండు. పదమూడోది వేయాలనిపించినప్పుడు కుంచె కడిగేయండి.

రంగులపెట్టె:
సాందొలో గీశాను, ముదురు రంగు పడింది. నీటి గీత నడిమి భాగానికే. కంటిమట్టం గట్టుమీద. ఒక ఆడమనిషి పూసలు గుచ్చుతూ, ఇంకో ఆమె కావడితో మెట్లు ఎక్కుతూ. అంటే 1884కు ముందు అనుకుంటున్నాను. ఇంకా ఏదో తేడాగా ఉంది, ఎండ ఎడమ నుంచి వస్తోంది.

పాతగోడ:
ఎండ ఎడమ నుంచి వస్తే ఎడమ గోడ నీడలో ఉండాలి, కుడి మెట్లు ఎండలో. మీ వివరణ ప్రకారం రెండూ వెలుగులో ఉన్నట్టున్నాయి. ఇరుకు కాలువలో రెండు పక్కలా ఎండ పడేది సూర్యుడు కాలువ పొడవునా ఉన్నప్పుడే. ఎడమ గోడ రంగు మొత్తాన్ని కాస్త చల్లబరచండి, ఇటుకరంగులో కోబాల్ట్ కొద్దిగా. తర్వాత ఎదురు గట్టు ఎండ నీటి మీంచి ఎగిరి ఆ నీడగోడ కింది మీటరు మేర పడుతుంది కాబట్టి అక్కడ మాత్రం ఓకర్‌తో వెచ్చగా, పల్చగా తేలనివ్వండి. పాచి అంచుకు పైన మొదలుపెట్టి, గిలాబా రాలిన చోట ఆపేయండి.

నీటిగీత:
కావడి ఆమె నీడ కూడా చూసుకోండి. మెట్ల మీద నీడ తిన్నగా పడదు, ఒక్కో మెట్టు దగ్గరా విరిగి మడత పడుతుంది. నిలువు ముఖం మీద ఒక కోణం, పైముఖం మీద ఇంకో కోణం. ఆ మడతలు సరిగ్గా పడితే ఆమె ఎక్కుతోందని బిందెలు లేకుండానే తెలుస్తుంది.